ఇంగ్లీషుకు నోరు తిరగాలంటే: తెలుగు మాధ్యమంలో చదివినవారికి సమగ్ర మార్గదర్శి

ఇంగ్లీషు పత్రిక చదివితే అర్థమవుతుంది. సినిమా చూస్తే కథ తెలుస్తుంది. ఆఫీసు నుంచి వచ్చిన ఈమెయిలుకు కాస్త ఆలోచించి జవాబు కూడా రాయగలరు. కానీ ఎదురుగా ఒక మనిషి కూర్చుని "మీ గురించి చెప్పండి" అని ఇంగ్లీషులో అడగగానే గొంతు పెగలదు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఆ తర్వాత ఒక్కసారిగా ఇంగ్లీషు చదువులో పడ్డవారిలో చాలామందిది ఇదే పరిస్థితి. నాదీ ఇదే. మొదటి ఉద్యోగపు ఇంటర్వ్యూలో నాకు జవాబు తెలిసిన ప్రశ్నకు కూడా మౌనంగా ఉండిపోయాను. ఆ రోజు నుంచి ఈ సమస్యను వదలకుండా పట్టుకున్నాను. తర్వాత చాలామందికి సాయంత్రం వేళల్లో నేర్పించాను. వారితో పనిచేస్తూ పోగుచేసిన పద్ధతి ఇది.

ముందు ఒక మాట. ఇది తెలివితేటల లోపం కాదు. కెనడాలో ఇంగ్లీషు మాతృభాషగా గల పిల్లలను ఏళ్ల తరబడి ఫ్రెంచి మాధ్యమంలో చదివించారు. విని అర్థం చేసుకోవడంలో, చదవడంలో వాళ్లు ఫ్రెంచి పిల్లలకు దగ్గరగా వచ్చారు. మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు మాత్రం తప్పులు వదల్లేదు. మెరిల్ స్వెయిన్ అనే భాషావేత్త 1985లో దీనికి కారణం చెప్పారు. వినడం, చదవడం మాత్రమే చాలవు. సొంతంగా వాక్యం కట్టాలని ప్రయత్నించినప్పుడే తనకు ఏది రాదో మనిషికి తెలిసొస్తుంది. మనం పన్నెండేళ్లు ఇంగ్లీషు చదివాం, పరీక్షలు రాశాం. నోరు తెరిచి మాట్లాడిన గంటలు లెక్కపెడితే వేళ్ల మీదకు వస్తాయి.

కాబట్టి ఈ పద్ధతిలో ప్రతి మెట్టూ పైకి మాట్లాడుతూ ఎక్కాల్సిందే. రోజుకు 40 నిమిషాలు, 12 వారాలు కేటాయించండి. మనసులో చదువుకుంటే ఫలితం రాదు.

మొదలుపెట్టే ముందు: రెండు నిమిషాల రికార్డింగు

ఫోనులో రికార్డరు తెరవండి. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఏం చేశారో రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పండి. ముందుగా రాసుకోవద్దు. ఆగిపోతే ఆగండి, తెలుగు మాట వస్తే రానివ్వండి. దానికి తేదీ పెట్టి దాచండి.

మర్నాడు వినండి. ఒక కాగితం మీద మూడే విషయాలు రాయండి: ఎక్కడ ఆగారు, ఏ తెలుగు మాట దొర్లింది, ఏ వాక్యాన్ని మధ్యలో వదిలేశారు. వ్యాకరణ దోషాల జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. బజారులో దొరికే ఏ పుస్తకంకన్నా ఈ కాగితమే మీకు ఎక్కువ పనికొస్తుంది. మీకు అవసరమైన మాటలు ఏవో, మీరు తడబడే చోటు ఏదో అందులో ఉంది.

మొదటి మెట్టు: హల్లు దగ్గర ఆగడం (1, 2 వారాలు)

తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. అందుకే బస్ మనకు బస్సు అయింది, రోడ్ రోడ్డు అయింది, బ్యాంక్ బ్యాంకు అయింది. తెలుగులో మాట్లాడేటప్పుడు ఇది తప్పు కాదు, అందమే. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ అలవాటు రెండు ఇబ్బందులు తెస్తుంది. మాట పొడవై వినేవారికి అపరిచితంగా తోస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఇంగ్లీషులో ఉన్న సంధి మనకు చిక్కదు.

అవును, ఇంగ్లీషులోనూ సంధి ఉంది. "పిక్ ఇట్ అప్" అనే మూడు మాటలు ఇంగ్లీషువారి నోట "పికిటప్" అవుతాయి. హల్లుతో ముగిసిన మాట పక్కనున్న అచ్చును లాక్కుంటుంది. మనం "పిక్కు ఇట్టు అప్పు" అంటే ఆ కలయికకు చోటే ఉండదు. మనకు వాళ్ల మాటలు అందనంత వేగంగా వినిపించడానికి వేగం ఒక్కటే కారణం కాదు, ఈ సంధి కూడా కారణం. దాన్ని పలకడం వస్తే వినడం కూడా సులువవుతుంది.

అభ్యాసం ఇలా చేయండి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వారి "6 మినిట్ ఇంగ్లీష్" కార్యక్రమం ఉచితంగా దొరుకుతుంది, మాటలన్నీ రాసిన పాఠం కూడా పక్కనే ఉంటుంది. అందులో ఒక్క నిమిషం భాగం తీసుకోండి. ముందు పాఠం చూస్తూ వినండి. రెండోసారి ఒక్కో వాక్యం దగ్గర ఆపి, విన్నట్టుగానే పలకండి. మూడోసారి ఆపకుండా, వాళ్ల గొంతు వెంటే నీడలా పలుకుతూ వెళ్లండి. అందకపోతే వేగం తగ్గించండి. వారమంతా అదే నిమిషం. రోజుకో కొత్త పాఠం వినడంకన్నా ఒకే నిమిషాన్ని వారం రోజులు నమలడం ఎంతో మేలు. బ్రిటిష్ యాస అక్కర్లేదనుకుంటే ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు చదివేవారిని అనుసరించండి, అదీ మంచి నమూనాయే.

ధ్వనుల్లో అన్నిటికీ సమాన ప్రాధాన్యం ఇవ్వకండి. నా అనుభవంలో వరుస ఇది. మాట చివర అచ్చు చేర్చే అలవాటు తర్వాత చూడాల్సింది ఊనిక (స్ట్రెస్). తెలుగులో అక్షరాలన్నీ దాదాపు సమాన బలంతో నడుస్తాయి. ఇంగ్లీషులో ఒక అక్షరం పైకి లేచి, మిగిలినవి అణిగిపోతాయి. డెవలప్‌లో "వె" మీద, హోటల్‌లో "టెల్" మీద, కమిటీలో "మి" మీద ఊనాలి. ఫోటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం లేస్తుంది, ఫోటోగ్రాఫర్‌లో రెండోది. ఊనిక తప్పు చోట పడితే, మిగతా ధ్వనులన్నీ సరిగ్గా ఉన్నా వినేవారు "ఏమన్నారు?" అని అడుగుతారు. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ వెబ్‌సైటులో ప్రతి మాటకూ ఉచ్చారణ వినవచ్చు, ఉచితమే.

ఆ తర్వాత గతకాలపు క్రియల చివరి ధ్వని. రాతలో ఒకేలా కనిపించినా పలకడంలో అది మూడు రకాలు: వాక్ చివర "ట్" (వాక్ట్), కాల్ చివర "డ్" (కాల్డ్), వాంట్ చివర "ఇడ్" (వాంటిడ్). క్రియ ట్, డ్‌లతో ముగిస్తేనే "ఇడ్" వస్తుంది. అన్నిటికీ "ఎడ్" తగిలించడం మానేస్తే మాట వెంటనే తేలికపడుతుంది.

పదం మొదట్లో ఎ, ఒ వచ్చినప్పుడు మనం తెలియకుండానే య, వ కలుపుతాం: ఎగ్‌ను యెగ్ అని, ఓపెన్‌ను వోపెన్ అని. రికార్డింగులో విని గమనించండి. జూ పార్కులోని "జూ" కోసం గొంతు మీద వేళ్లు పెట్టి "స్స్స్" అనండి, నాలుక కదపకుండా గొంతు కలపండి. వేళ్లకు కంపనం తగిలినప్పుడు వచ్చేదే ఆ ధ్వని. ఇక థాంక్స్‌లోని మొదటి ధ్వనిని మన తరహాలో పలికినా దాదాపు అందరికీ అర్థమవుతుంది, దాన్ని చివరికి వదిలేయండి.

మనకు కలిసొచ్చేదీ ఉంది. తెలుగులో పలు-పాలు, కల-కాల అంటూ హ్రస్వదీర్ఘాలను పుట్టినప్పటి నుంచి వేరుచేస్తున్నాం. షిప్, షీప్ తేడా కోసం ఎన్నో భాషలవారు కష్టపడుతుంటే మన చెవికి అది ముందే తెలుసు.

రెండో మెట్టు: "నాకు" నుంచి "ఐ" దాకా (3 నుంచి 5 వారాలు)

ఈ మెట్టు మీద ఎక్కువ రోజులు ఉండండి. మాట ఆగిపోయే చోటు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

నాకు ఆకలిగా ఉంది. నాకు తెలుసు. నాకు నీళ్లు కావాలి. నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు. నాకు జ్వరం వచ్చింది. నాకు మామిడిపండ్లు ఇష్టం. నాకు ఈత రాదు. తెలుగులో ఈ ఏడు వాక్యాలూ "నాకు"తో మొదలవుతాయి. ఇంగ్లీషులో ఏడూ "ఐ"తో మొదలవుతాయి: ఐ యామ్ హంగ్రీ, ఐ నో, ఐ వాంట్ సమ్ వాటర్, ఐ హావ్ టూ ఎల్డర్ బ్రదర్స్, ఐ హావ్ ఎ ఫీవర్, ఐ లైక్ మ్యాంగోస్, ఐ కాంట్ స్విమ్. తెలుగులో ఆకలి, జ్వరం, ఇష్టం మన దగ్గరికి వస్తాయి. ఇంగ్లీషులో మనిషే వాక్యానికి కర్త. "నాకు" అని మనసులో మెదిలినప్పుడల్లా నోట "ఐ" రావాలి. రోజంతా మీరు తెలుగులో అనే "నాకు" వాక్యాలు ఒక పదిహేను పట్టుకుని, సాయంత్రం వాటిని ఇంగ్లీషులో పైకి చెప్పండి. వారం తిరిగేసరికి మార్పు మీకే తెలుస్తుంది.

ఇక క్రియ. "నేను నిన్న సాయంత్రం మా అన్నయ్యతో విజయవాడకు..." అని తెలుగులో నడిపిస్తూ, వెళ్లానో వెళ్లలేకపోయానో చివర్లో తేల్చవచ్చు. ఆలోచించడానికి తెలుగు మనకు వాక్యమంత సమయం ఇస్తుంది. ఇంగ్లీషులో "ఐ" అన్న వెంటనే క్రియ తేలిపోవాలి. మనం "ఐ" దగ్గర ఆగిపోవడానికి అసలు కారణం ఇదే. కాబట్టి రెండు మాటల వాక్యాలతో మొదలుపెట్టి పెంచండి. "ఐ వెంట్." "ఐ వెంట్ టు విజయవాడ." "ఐ వెంట్ టు విజయవాడ విత్ మై బ్రదర్." చివర "యెస్టర్‌డే ఈవెనింగ్" చేర్చండి. తెలుగు వాక్యాన్ని తోక నుంచి తల వైపు చదివినట్టు ఉంటుంది. మీ దినచర్యలోని 40 క్రియలను ఇలా గతకాలంలో నోటికి తెచ్చుకోండి. "డిడ్" వచ్చినప్పుడు గతకాలం బరువంతా అదే మోస్తుంది, పక్కనున్న క్రియ మామూలు రూపానికి వచ్చేస్తుంది: "డిడ్ నాట్ గో", అంతేకాని "డిడ్ నాట్ వెంట్" కాదు.

ప్రశ్నల సంగతి. తెలుగులో వాక్యం చివర ఒక దీర్ఘం చేరిస్తే చాలు: వస్తున్నావు, వస్తున్నావా. ఎక్కడ, ఎప్పుడు అనే మాట చేరినా వరుస మారాల్సిన పని లేదు. ఇంగ్లీషులో మాటలు చోట్లు మార్చుకోవాలి. "వేర్ యు ఆర్ గోయింగ్" కాదు, "వేర్ ఆర్ యు గోయింగ్". నియమం తెలిసినవారు కూడా మాట్లాడేటప్పుడు దీన్ని తప్పుతారు, ఎందుకంటే నోటికి అలవాటు లేదు. రోజుకు పది ప్రశ్నలు పైకి అడగండి. తరగతి గదిలో మనం జవాబులే చెప్పాం, ప్రశ్నలు అడగలేదు. అడగడం నేర్చుకున్నవారికి సంభాషణలో సగం బరువు తగ్గుతుంది.

ఇంకొకటి చాలా ముఖ్యం. "నువ్వు నిన్న రాలేదా?" అంటే, రానివారు తెలుగులో "అవును, రాలేదు" అంటారు. అడిగినవారి మాటను మనం ఒప్పుకుంటున్నాం. ఇంగ్లీషులో జరిగినదాన్ని బట్టి జవాబు: రాకపోతే "నో, ఐ డిడ్‌ంట్". "ఆ పని ఇంకా పూర్తి కాలేదా?" అని విదేశంలోని మేనేజరు అడిగినప్పుడు మనం "యెస్" అని ఆపేస్తే, పని పూర్తయిందని ఆయన అనుకోవచ్చు. ఒక్క మాటతో ఆపకుండా పూర్తి వాక్యం చెప్పడం అలవాటు చేసుకోండి.

నో (తెలుసు), హావ్ (నాకు ఉంది అనే అర్థంలో), వాంట్, బిలీవ్ వంటి క్రియలకు మామూలుగా "ఇంగ్" చేర్చవద్దు. "నమ్ముతున్నాను" అనే తెలుగు రూపమే మనల్ని అటు లాగుతుంది. ఇక ఎ, ఆన్, ద అనే చిన్న మాటల కోసం ఈ మూడు నెలలు మథనపడకండి. అవి తప్పినా భావం చాలావరకు చేరుతుంది.

మూడో మెట్టు: "అండి" ఎక్కడికి పోయింది? (6వ వారం)

"కొంచెం నీళ్లు ఇవ్వండి" అనే మాటలో ఎంత మర్యాద ఉందో మనకు తెలుసు. దాన్ని మాటకు మాట మార్చి "గివ్ మీ వాటర్" అంటే అందులోని "అండి" మాయమై ఆజ్ఞ మిగులుతుంది. తెలుగులో గౌరవం క్రియ చివర, మీరు అనే సంబోధనలో, గారు అనే మాటలో ఉంటుంది. ఇంగ్లీషులో ఉన్నది ఒక్క "యు". అందుకే అక్కడ గౌరవం వాక్యం మొదట్లోకి వస్తుంది: "కుడ్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?" ఫోనెత్తి మనం ఆప్యాయంగా అనే "చెప్పండి" ఇంగ్లీషులో "టెల్ మీ" అయితే మొరటుగా వినిపించవచ్చు. "హౌ కెన్ ఐ హెల్ప్ యు?" దానికి తగిన మాట. ఎంతో మంచి మనుషులు కూడా ఈ ఒక్క కారణంతో అమర్యాదగా మాట్లాడుతున్నారన్న ముద్ర మోయాల్సి రావడం నాకు బాధ కలిగిస్తుంది. అమెరికాలో పనిచేసేవారికి మరో మాట: అక్కడి ఆఫీసుల్లో పై అధికారిని పేరు పెట్టి పిలవడం మామూలే. గారు లేదని మనసు ఒప్పుకోకపోయినా, పిలవడం అలవాటు చేసుకోండి.

ఈ వారమే కొన్ని వాక్యాలను ముక్కలు చేయకుండా, ఊపిరి తీసినంత సులువుగా వచ్చేలా నోటికి పట్టించండి. వినపడనప్పుడు "సారీ, కుడ్ యు సే దట్ అగెయిన్?" అనండి. ఆలోచించుకోవాలంటే "లెట్ మీ థింక్ ఫర్ ఎ మొమెంట్". అర్థమైందో లేదో సరిచూసుకోవాలంటే "డు యు మీన్..." అని మొదలుపెట్టి మీకు అర్థమైంది చెప్పండి. మౌనంగా ఉండటంకన్నా ఇవి ఎంతో నయం.

నాలుగో మెట్టు: ఒకే విషయం మూడుసార్లు (7 నుంచి 9 వారాలు)

న్యూజిలాండుకు చెందిన భాషాబోధన పండితుడు పాల్ నేషన్ రచనల ద్వారా బాగా వ్యాప్తిలోకి వచ్చిన అభ్యాసం ఒకటుంది. ఒకే విషయాన్ని ఒకరికి 4 నిమిషాల్లో, రెండోవారికి 3 నిమిషాల్లో, మూడోవారికి 2 నిమిషాల్లో చెప్పాలి. విషయం మారదు, సమయం తగ్గుతుంది. చెప్పేది ముందే తెలుసు కనుక మనసు మాటల మీద, వేగం మీద నిలుస్తుంది. మూడోసారికి తడబాటు తగ్గడం చెవికే తెలుస్తుంది.

మొదట్లో 4 నిమిషాలు కష్టం. నేను 2 నిమిషాలు, ఒకటిన్నర, ఒకటి అని చేయిస్తాను. విషయం మీకు చేతితో తెలిసినదై ఉండాలి. ఆవకాయ పెట్టడం, మీ ఊరి నుంచి జిల్లా కేంద్రానికి వెళ్లే దారి, వరి నాట్లు, మీ నాన్నగారి వృత్తి. ఆవకాయ తీసుకుందాం. మొదటిసారి కాయలు కడగడం, తుడవడం, ముక్కలు కొట్టడం దాకా వచ్చి ఆవపిండి దగ్గర మాట దొరక్క ఆగుతారు. ఆ మాట నిఘంటువులో వెతకండి. రెండోసారి ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె వరుసగా వస్తాయి. మూడోసారి "ఫస్ట్", "ఆఫ్టర్ దట్", "ఫైనల్లీ" అనే అతుకులు వాటంతట అవే పడతాయి. రోజుకు ఒక విషయం, మూడుసార్లు, మూడూ రికార్డు చేయండి. ఎవరూ లేకపోతే గోడకు చెప్పినా సరే.

అయిదో మెట్టు: మాట దొరకనప్పుడు (10వ వారం)

"మీ ఇంట్లో మీరు ఎన్నోవారు?" దీన్ని ఇంగ్లీషులో అడగబోతే ఇబ్బంది తెలుస్తుంది, ఎందుకంటే "ఎన్నో"కు సరిపడే ఒక్క మాట అక్కడ లేదు. వెతుకుతూ నిలబడకుండా ప్రశ్ననే మార్చండి: "ఆర్ యు ద ఎల్డెస్ట్?" లేదా మీకంటే పెద్దవారు ఎంతమంది అని అడగండి. ధారాళంగా మాట్లాడేవారికి మాటలన్నీ తెలిసి ఉండవు, తెలియని చోట దారి మళ్లించడం తెలుసు.

దీనికి నాకు ఎంతో ఇష్టమైన అభ్యాసం ఒకటి చెబుతాను. ఇంగ్లీషులో లేని తెలుగు మాట రోజుకొకటి తీసుకుని, తెలుగు నేల చూడని మనిషికి మూడు వాక్యాల్లో వివరించండి. ఎంగిలి. దిష్టి. మడి. తోడల్లుడు. ఎంగిలిని వివరించాలంటే పెదవికి తగిలిన గ్లాసు, పంచుకున్న తిండి, శుభ్రత గురించి మన నమ్మకం అన్నీ చెప్పాలి. అవన్నీ మీకు ఇప్పటికే తెలిసిన చిన్న ఇంగ్లీషు మాటలతోనే చెప్పవచ్చు. మీకు మాత్రమే తెలిసిన విషయం చెబుతున్నారు కాబట్టి గొంతులో జంకు కూడా తగ్గుతుంది.

ఆరో మెట్టు: మనిషి ఎదుట (11, 12 వారాలు, ఆ తర్వాత కూడా)

గోడతో మాట్లాడింది చాలు. మీ స్థాయిలోనే ఉన్న స్నేహితుడినో స్నేహితురాలినో కలుపుకోండి. వారానికి మూడు రోజులు, 20 నిమిషాలు, ఫోనులోనైనా సరే. ఒక్కటే నియమం: ఒకరు మాట్లాడుతుండగా రెండోవారు దిద్దకూడదు. ముగిశాక రెండు తప్పులు మాత్రమే చెప్పాలి. నవ్వకూడదు. చిన్నప్పుడు తరగతిలో వినిపించిన ఒక్క నవ్వు ఎంతమంది నోళ్లు మూయించిందో నేను చూశాను. అందుకే ఈ నియమం విషయంలో రాజీ పడను.

వీలుంటే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకు వెళ్లండి. 1924లో అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన ఈ సంస్థకు హైదరాబాదుతో సహా ఎన్నో నగరాల్లో క్లబ్బులున్నాయి. అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే "టేబుల్ టాపిక్స్" మనకు సరిగ్గా కావలసిన సాధన. అతిథిగా వెళ్లి వినడానికి అభ్యంతరం ఉండదు.

ఒంటరిగా చేసేవారు ఫోనులో ఇంగ్లీషు వాయిస్ టైపింగు వాడి చూడండి. మీరు చెప్పింది తెరపై వేరేలా పడితే ఆ మాటను గుర్తించి మొదటి మెట్టుకు వెళ్లండి. యంత్రం అన్నిసార్లూ సరిగ్గా వినదు, కాబట్టి దాని మాటే చివరి తీర్పు అనుకోవద్దు.

ఐఈఎల్‌టీఎస్ రాసేవారికి

విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో ఇంగ్లీషు స్థాయి చూపేందుకు రాసే ఈ పరీక్షలో మాట్లాడే విభాగం 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు. రెండో భాగంలో ఒక అంశం ఇచ్చి, ఆలోచనకు ఒక నిమిషం, మాట్లాడటానికి ఒకటి నుంచి రెండు నిమిషాలు ఇస్తారు. నాలుగో మెట్టులో చేసిందే ఇక్కడ పనికొస్తుంది. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ నాలుగింటికీ సమాన మార్కులు. విదేశీ యాస కోసం పాకులాడవలసిన అవసరం లేదు, స్పష్టత ఉండాలి. జవాబులు కంఠస్థం చేసి వెళ్లవద్దు, పరీక్షకులు సులువుగా పసిగడతారు.

ఈ మూడు నెలలు దూరంగా ఉంచాల్సినవి

రోజుకు ఇరవై కొత్త మాటల జాబితాలు పక్కన పెట్టండి. తెలిసిన వెయ్యి మాటలు నోట పలకాలి ముందు. వ్యాకరణ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టకండి. ఇంట్లో తెలుగు మానేసి పిల్లలతో, అమ్మానాన్నలతో విరిగిన ఇంగ్లీషు మాట్లాడమనే సలహాను అసలు పట్టించుకోవద్దు. తెలుగులో ఒక విషయాన్ని వరుసగా, స్పష్టంగా చెప్పగలిగినవారే ఇంగ్లీషులోనూ త్వరగా చెప్పగలుగుతారని నా విద్యార్థుల్లో మళ్లీ మళ్లీ చూశాను.

పన్నెండో వారం చివరి రోజు

మళ్లీ రికార్డరు తెరవండి. అదే విషయం: నిన్న పొద్దున నుంచి రాత్రి దాకా ఏం చేశారు. రెండు నిమిషాలు. మర్నాడు, తేదీ పెట్టి దాచిన పాతదాన్ని ముందు విని, తర్వాత దీన్ని వినండి. అదే మూడు వరుసల కాగితం రాసి పాతదాని పక్కన పెట్టండి. రెండు కాగితాల్లోనూ మిగిలిన తడబాట్లు ఏ మెట్టువో గుర్తించి, ఆ ఒక్క మెట్టు మీద మరో నాలుగు వారాలు పనిచేయండి.